తలుపుకు వేపమండలు

మే నెలలో ఉన్ని స్వెటరు చంకన పెట్టుకుని పనికి పోయే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాను. పేరు మునిరత్నం. మా బంగారుపాళ్యంలో హైవే పక్కనున్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కోల్డ్ రూములో అతనికి పని. గుజ్జు డబ్బాలను గడ్డకట్టే చలిలో పేర్చాలి, లారీ వచ్చినప్పుడు ఎక్కించాలి. చెవులకు మఫ్లరు, చేతులకు తొడుగులు, ఒంటికి స్వెటరు. పగలంతా ఆ మంచులో ఉండి, సాయంత్రం వచ్చి నా మిద్దె మీదున్న రేకుల గదిలో పడుకుంటాడు. ఆ గది పొయ్యి. దాన్ని కట్టించింది నేనే కాబట్టి నేనే చెబుతున్నాను.

నా పేరు శకుంతలమ్మ. ముప్పై రెండేళ్ళు సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. కింద మూడు గదులు, వంటిల్లు, వసారా. అన్నిటికీ నేనొక్కదాన్నే. నాకు నోరు కొంచెం ఎక్కువని వీధిలో అంటారు. కొంచెం కాదు, బాగానే ఎక్కువ.

మునిరత్నానికి నోరే లేదు. ఉలకడు, పలకడు. భార్య జయంతి విడిచి వెళ్ళడానికి కారణం కూడా అదేనట. తాగుడు లేదు, తిరుగుడు లేదు, చెయ్యి చేసుకున్నదీ లేదు. ఇంటికి వస్తాడు, తింటాడు, గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆ పిల్ల ఏడేళ్ళు చూసి చూసి, కూతురు మహితను తీసుకుని పాకాలలో పుట్టింటికి వెళ్ళిపోయింది. గోడతో కాపురం ఎన్నాళ్ళు చేస్తుంది పాపం! నేను ఇద్దరి తప్పూ అనను, ఒకరి తప్పూ అనను. పెద్దమనుషులు కూర్చుని, బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని, ఎండాకాలం సెలవుల్లో పది రోజులు తండ్రి దగ్గరకు పంపాలని చెప్పారు. ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజుల్లో మునిరత్నానివి ఆ పది.

పోయిన ఏడాది ఆ పది రోజుల్లో మూడే దక్కాయి. అప్పుడు మహితకు ఏడేళ్ళు. మొదటి రోజు మేడ మీద గెంతింది. రెండో రోజుకు మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి. మూడో రోజు మధ్యాహ్నం ముక్కులోంచి రక్తం కారింది. మునిరత్నం బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగుతుంటే అతని చొక్కా ముందంతా ఎర్రగా ఉంది. నేను తల మీద తడిగుడ్డ వేసి, కింద ఫ్యాను కింద పడుకోబెట్టాను. సాయంత్రానికి మేనమామ ప్రతాప్ బండి మీద వచ్చి తీసుకెళ్ళిపోయాడు. మర్నాడు జయంతి ఫోన్లో ఒకే మాట చెప్పిందట. “ఇల్లు సల్లగా పెట్టుకుంటే పంపిస్తా. లేకుంటే ఇంగ అడగొద్దు.”

ఆ మాట అతను నాకు చెప్పింది ఈ ఏడాది శివరాత్రి పోయాక. తొమ్మిది నెలలు కడుపులో దాచుకున్నాడు మహానుభావుడు!

“టీచరమ్మా, రేకుల మీద సున్నం కొట్టుకోవచ్చునా?” అని అడిగాడు.

“కొట్టుకో. నా గోడల మీద కారిందంటే మాత్రం ఊరుకోను,” అన్నాను.

ఆ ఆదివారం నుంచి మొదలైంది. సున్నంలో గంజి కలిపి రేకుల మీద రెండు పూతలు వేశాడు. ఆరిన తర్వాత మిద్దె వైపు చూస్తే కళ్ళు చెదిరాయి. సున్నం మీద గోనెసంచులు పరిచి కుట్టాడు. లోపల రేకులకు జానెడు కింద వెదురు తడిక కట్టాడు, వేడి గాలి ఆ సందులోంచి బయటికి పోవాలని. పడమటి గోడ మొదట్లో రెండు బకెట్లలో మట్టి నింపి బీర విత్తనాలు పెట్టాడు. ఉగాదికి తీగ గోడెక్కింది, ఏప్రిల్ చివరికి కిటికీ దాటింది.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, “కోల్డ్ రూములో అంతే కదమ్మా. సలువ తెచ్చేది మిషను. దాన్ని పోకుండా సూసుకునేది మనిషి,” అన్నాడు. మూడేళ్ళలో అతని నోట అంత పొడుగు మాట అదే వినడం.

కూలరు కొనుక్కోరాదా అంటారేమో. కొన్నాడు. పై గదికి నేను వేయించిన వైరు సన్నది, కూలరు తిరిగిన గంటకే కాలిపోయింది. కొత్త వైరు వేయించాలంటే గోడ కొట్టాలి. నా గోడ నేను కొట్టనివ్వను అన్నాను. సంచులు తడపడానికి ట్యాంకు నీళ్ళు వాడుతుంటే దానికీ అరిచాను. అప్పటినుంచి వీధి కొళాయి దగ్గర బిందెలు పట్టి, ఇరవై రెండు మెట్లు ఎక్కి మోసేవాడు. పొద్దున పనికి పోకముందు పది బిందెలు, వచ్చాక పది. అమ్మా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుండింది నా వరస. కింద మూడు గదులున్నాయి, బిడ్డను ఇక్కడ పడుకోబెట్టుకో నాయనా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నిజం చెప్పాలంటే, ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా. అయినా అనలేదు. ఒక్కదాన్నే ఉండి ఉండి, ఇంట్లో ఇంకో మనిషి అలికిడంటే చిరాకు పట్టుకుంది నాకు.

మే నడిమికి ఎండ నలభై రెండు దాటింది. అతని దగ్గర ఫ్యాక్టరీలో పారేసిన పాత థర్మామీటరు ఒకటుంది. రోజూ సాయంత్రం వచ్చీ రాగానే అది చూసుకుని, దిగివచ్చి నాకు చెప్పేవాడు. “ముప్పై ఎనిమిది, టీచరమ్మా.” వారం తర్వాత, “ముప్పై ఆరు.” అంతకు మించి దిగడం లేదని దిగులు. పాలు పోసేవాళ్ళతో కూడా మాట్లాడని మనిషి, ఆ అంకె చెప్పడానికి మాత్రం నా వసారా ముందు నిలబడేవాడు. నేను కూడా ఆ సమయానికి వసారాలోనే కూర్చునేదాన్ని. అందులో గొప్పేమీ లేదు. రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆ ఒక్కడే.

బిడ్డ రావడానికి రెండు రోజుల ముందు నేనొక సలహా ఇచ్చాను. ఇవ్వకుండా నా నోరు పడిపోయినా బాగుండేది.

“వేపమండలు తెచ్చి కిటికీకి, తలుపుకు దట్టంగా కట్టు. వాటి మీద నీళ్ళు చల్లుతూ ఉండు. వచ్చే గాలి చల్లగా వస్తుంది, ఆరోగ్యం కూడానూ,” అన్నాను.

కిటికీకి సరేనన్నాడు. తలుపు దగ్గర తటపటాయించాడు.

“తలుపుకి యాపమండలు కడితే సూసినోళ్ళు ఏమనుకుంటారమ్మా? వీధి సివర్న ఇద్దురు పిలకాయలకి అమ్మవారు పోసుండాది గదా.”

అతను అన్నది సరైన మాటే. ఆటలమ్మ పోసిన ఇంటికి వేపమండలు కట్టడం మా వైపు ఇప్పటికీ ఉంది. ఆ ఆకు కనబడితే బయటివాళ్ళు గడప తొక్కరు. తలుపు తట్టరు, పేరు పెట్టి పిలవరు. ఏమైందని అడగరు కూడా. అడిగితే అమ్మవారు వాళ్ళ వెంట వస్తుందని భయం. వాకిట్లోంచే దణ్ణం పెట్టుకుని మళ్ళిపోతారు.

నేనేమన్నానో తెలుసా? “నీ మొహం! ఫోన్లలో ప్రపంచం చూస్తున్న కాలంలో ఇంకా అమ్మవారేమిటి, ఆకేమిటి? కట్టు కట్టు,” అన్నాను. అంతటితో ఆగానా? బీరువాలోంచి నా పాత పసుపుపచ్చ నేతచీర తీసి, దీన్ని తడిపి తలుపు లోపల తెరలా వేలాడదీయమని ఇచ్చాను. ఇంత పెద్ద చదువు చదివినదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, వేపాకూ పసుపుగుడ్డా ఒకచోట పడితే జనానికి ఏం కనబడుతుందో నాకు తట్టనే లేదు. అతను చీర అందుకుని పైకి వెళ్ళాడు. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు.

ఆదివారం వచ్చింది. రోహిణి కార్తె. పొద్దున పదకొండుకు ప్రతాప్ బండి మీద మహితను తీసుకొస్తాడని కబురు. మామిడికాయల కాలమైనా మునిరత్నం సూపర్‌వైజరును బతిమాలి పది రోజులు సెలవు పెట్టాడు. తెల్లవారకముందే నీళ్ళు మోశాడు. ఇసుకలో కొత్త కుండ పెట్టి సుగంధి వేళ్ళు వేశాడు. బిడ్డకని ఊదారంగు దిండు కొన్నాడు. తొమ్మిదింటికి మెట్లు దిగి వచ్చాడు. ముఖం చూసి నేను ఆశ్చర్యపోయాను. నవ్వుతున్నాడు!

“ముప్పై మూడు, టీచరమ్మా!”

“అబ్బో, ఊటీ అనుకో,” అన్నాను.

“పైకొచ్చి సూడండమ్మా ఒగసారి.”

“మోకాళ్ళ నొప్పులయ్యా నాకు. సాయంత్రం వస్తాలే, నీ కూతురు చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది,” అన్నాను.

అతను వెళ్ళి తలుపు మూసుకున్నాడు. తలుపు తీసి ఉంచితే చలువ పోతుందని అతని లెక్క. కోల్డ్ రూము అలవాటు. తలుపు బయట వేపమండలు దట్టంగా వేలాడుతున్నాయి, రెక్కల సందులోంచి తడి పసుపుచీర అంచు బయటికి కనబడుతోంది. లోపల ఫ్యాను గరగర తిరుగుతోంది.

పదకొండున్నరకు గేటు దగ్గర బండి ఆగిన చప్పుడు నాకు వినబడింది. నేను మంచం మీద నడుం వాల్చి ఉన్నాను. బండి ఆగింది, ఇంజను ఆగలేదు. కాసేపటికి మళ్ళీ వెళ్ళిపోయింది. ఎవరో అడ్రసు వెతుక్కుంటున్నారులే అనుకుని అటు తిరిగి పడుకున్నాను. లేచి నాలుగడుగులు వేసి కిటికీలోంచి చూస్తే పోయేది. ఆ నాలుగడుగులకే నాకు బద్ధకం వేసింది.

పన్నెండయింది, రెండయింది. పైన అలికిడి లేదు. వచ్చి అన్నం తిని పడుకున్నారేమో అనుకున్నాను. నాలుగింటికి ఎదురు వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే కోమలి బట్టలు ఇవ్వడానికి వచ్చింది. గేటు లోపలికి రాలేదు. బయటే నిలబడి బట్టల మూట గోడ మీద పెట్టింది.

“ఏమే, లోపలికి రావూ?”

“వద్దులే టీచరమ్మా. ఇంట్లో పిలకాయలుండారు నాకు. పై ఇంట్లో ఆయప్పకి ఎప్పుడు పోసింది?”

“ఏం పోసింది?”

“అదే... అమ్మవారు. పాపం, పొద్దున ఎవరో బిడ్డని పిలుసుకోనొచ్చి మళ్ళిపోయినారు గదా.”

ఏం జరిగిందో మొత్తం చెప్పమన్నాను. ఆమె చూసినదంతా చెప్పింది. ఒక మనిషి బండి ఆపాడు. వెనకాల భుజానికి సంచి తగిలించుకున్న ఆడపిల్ల. ఆ మనిషి తల ఎత్తి మిద్దె మీది తలుపు చూశాడు. చెప్పులు విడిచాడు. రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

“ఆ బిడ్డ ‘నాయనా’ అని ఒగసారి గట్టిగా పిలిసింది టీచరమ్మా. బండి మింద వచ్చినాయప్ప గబుక్కున బిడ్డ నోరు మూసేసినాడు. పిలవకూడదు గదా. బండి తిప్పుకోని పోయినారు. ఆ బిడ్డ వెనక్కి తిరిగి సూస్తానే పోయింది,” అంది కోమలి.

మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో ఏమో, ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. వేపమండలు పక్కకు నెట్టి తలుపు తోశాను.

లోపల ఎంత చల్లగా ఉందో చెప్పలేను. బయట సెగలు కక్కుతున్న ఎండలోంచి ఆ గదిలో అడుగుపెడితే ఏటి ఒడ్డుకు వచ్చినట్టుంది. తడిసిన వేపాకు వాసన, సుగంధి వాసన. బీరతీగ నీడ నేల మీద పడి ఆకుపచ్చగా ఉంది. మూల చాప, చాప మీద ఊదారంగు దిండు. రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. పక్కన గిన్నెలో అన్నం, మూత కూడా తీయలేదు. మునిరత్నం గోడకు ఆనుకుని, తెల్ల చొక్కా నలగకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు.

“తలుపు మూసేయండి టీచరమ్మా, సలువ పోతాది. బిడ్డ ఇంగా రాలేదు,” అన్నాడు.

జయంతికి ఆరుసార్లు ఫోను చేశాడట. ఎత్తలేదట. బండి యాడన్నా పంక్చరయ్యిందేమో అంటున్నాడు. నేను ఆ చాప మీదే కూర్చున్నాను. కోమలి చెప్పిందంతా చెప్పాను. ‘నాయనా’ అని పిలిచిందన్న మాట చెప్పాలా వద్దా అని తడబడి, చివరికి అదీ చెప్పేశాను. అతను ఫ్యాను వైపు చూశాడు. లేచి వెళ్ళి దాన్ని ఆపేశాడు. ఆ గరగర ఆగిపోయాక గదిలో వీధి చప్పుళ్ళన్నీ వినబడ్డాయి. ఇస్త్రీ బండి దగ్గర కోమలి దగ్గు కూడా స్పష్టంగా వినబడింది.

“ఇనపడుండేదే,” అన్నాడు.

నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. ‘మీరు చెప్పబట్టే కదా కట్టినాను’ అని అరిచినా బాగుండేది. అనలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. బడిలో పిల్లల ముందు కూడా ఏనాడూ ఏడవని దాన్ని, ఆ రోజు అద్దెకున్న మనిషి ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నా ఫోన్లోంచి చేస్తే జయంతి ఎత్తింది. మొదట విరుచుకుపడింది. “ఇంట్లో అమ్మవారిని పెట్టుకోని బిడ్డను రమ్మంటాడా ఆ మనిషి? మాట్లాడే నోరు లేదు, సెప్పేదానికన్నా నోరు రాదా?” అని. నేను మొత్తం వివరంగా చెప్పాను. ఆకు నేనే కట్టమన్నాను, చీర నాదే, తప్పు నాదే అన్నాను.

“మీరు పెద్దోళ్ళు, అబద్ధం సెప్పరు టీచరమ్మా. నేను నమ్ముతా ఉండాను,” అంది గొంతు తగ్గించి. “కానీ ఏం జేసేది? వాళ్ళు వచ్చీ రాంగానే మా అమ్మ బిడ్డకి యాపాకు నీళ్ళు పోసి, గంగమ్మకి ముడుపు కట్టేసింది. మా ఊరి జాతరలో ముడుపు తీర్చేదాకా పాప పొలిమేర దాటకూడదు. జాతర అయ్యేసరికి బడి తెరిసేస్తారు.”

“మా ఇంట్లో కింద మూడు గదులున్నాయమ్మా. పంపించు. నా గదిలో, కూలరు ముందు పెట్టుకుంటాను,” అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

“గదులది కాదు టీచరమ్మా. మొక్కుని మీరబోతే మా అమ్మ బతకనీదు నన్ను,” అంది. మళ్ళీ తనే, “పాప మాట్లాడతాదంట, ఇయ్యండి ఆయనకి,” అంది.

స్పీకరు ఎలా తీయాలో నాకు తెలియదు. అందువల్ల ఇద్దరి మాటలూ నాకు వినబడ్డాయి.

“నాయనా, నీకు నొప్పిగా ఉండాదా?”

“నాకేం లేదు పాపా. బాగుండాను.”

“అమ్మమ్మ సెప్పింది, గీరుకోకూడదంట.”

“సరే పాపా.”

“ఇల్లు సల్లగా ఉండాదా ఇప్పుడు?”

“ఉండాది. ముప్పై మూడు.”

“అయితే వచ్చే ఎండాకాలం వస్తా,” అని బిడ్డ ఫోను పెట్టేసింది.

మర్నాడే అతను సెలవు రద్దు చేసుకుని, స్వెటరు చంకన పెట్టుకుని పనికి వెళ్ళాడు. కానీ పొద్దున పది బిందెలు, సాయంత్రం పది బిందెలు మానలేదు. ఎవరికోసం అని నేను అడగలేదు. ఆ పది రోజులూ సాయంత్రాలు వసారా ముందుకు వచ్చి అంకె చెప్పి వెళ్ళాడు. ముప్పై మూడు. ముప్పై నాలుగు. పదో రోజు తర్వాత అదీ చెప్పలేదు.

వేపమండలు మాత్రం తలుపుకు అలాగే ఉన్నాయి. వాటి మీద నీళ్ళు చల్లడం మానేశాడు. ఆకు ఎండి, గాలి వస్తే చప్పుడు చేస్తోంది. ఆ ఆకు ఉన్నన్నాళ్ళూ పాలవాడు పైకి ఎక్కలేదు, గ్యాసు బండవాడు కింద నా దగ్గరే దించిపోయాడు. అసలే ఎవరితోనూ కలవని మనిషి, ఇక పలకరించేవాళ్ళే లేకుండా పోయారు. జూన్ మొదటి వానకు తడిసిన ఆకు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. మెట్లెక్కి వెళ్ళాను.

“వాటిని నేను తీసేస్తానయ్యా. చూడలేకపోతున్నాను,” అని చెయ్యి వేశాను.

మూడేళ్ళలో అతను నాకు అడ్డు చెప్పింది అదొక్కసారే.

“ఉండనీండి టీచరమ్మా,” అన్నాడు. “అది ఉంటే, ఆకుని సూసి రాలేదులే అనుకుంటాను. తీసేసినాక రాకుంటే, దేన్ని సూసి రాలేదనుకోవాల?”

నేను చెయ్యి తీసేశాను. కిందికి వచ్చి, నడిమి గది తలుపు తీసి, ఊడ్చి, కిటికీలు తెరిచి పెట్టాను. వచ్చే ఎండాకాలానికి ఇంకా పదకొండు నెలలుంది.